డి-డే శిబిరాల్లో వివక్ష లేదన్న మాటకు జవాబు

జూన్ నెల వచ్చిందంటే చాలు, రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న (డి-డే అంటే ఆ రోజే), జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై అమెరికా, బ్రిటన్ తదితర మిత్రదేశాలు చేసిన దాడి గురించి ఒకే సందేశం ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ప్రత్యక్షమవుతుంది. దండెత్తే ముందు ఇంగ్లండ్ శిబిరాల్లో సైనికులు విందులతో, పాటలతో గడిపారట; ఎక్కడికి వెళ్తున్నారో ఒక్కరికీ తెలియదట; ఒక్కరూ భయపడలేదట; తెల్లవారు, నల్లవారు అన్న తేడా లేకుండా అమెరికా సైనికులందరూ ఒకే కంచంలో తిన్నారట. చదువుకున్న మిత్రులే దీన్ని పంపుతున్నందున జవాబు రాయక తప్పడం లేదు.

భోజనం సంగతి నిజమే, ఒప్పుకుంటాను. బయట బ్రిటిష్ ప్రజలు రేషన్ ముతక రొట్టెతో కాలం వెళ్లదీస్తుంటే, శిబిరాల్లో తెల్ల రొట్టె, మాంసం, ఐస్‌క్రీమ్ కూడా పెట్టారు. అయితే బలికి ముందు మేపుతున్నారని ఆ తినేవాళ్లే చెప్పుకున్నారు.

ఎక్కడికన్న విషయంలో సందేశం సగమే సరి. మే చివరి వారంలో శిబిరాలను ముళ్లకంచెలతో మూసివేసి, ఉత్తరాలు ఆపేసిన తర్వాత, తాము దిగబోయే తీరం నమూనాలను, విమానాల నుంచి తీసిన ఫొటోలను వారికి చూపించారు. అసలు ఊళ్ల పేర్లు మాత్రం చాలామందికి ఓడ ఎక్కాకే తెలిశాయి. కానీ చేతిలో ఫ్రెంచి నోట్లు పెట్టాక దేశమేదో ఊహించలేని అమాయకులెవరు?

భయం లేదనడం ఆ మనుషులకు చేసే అన్యాయం. ఆ ఏడాది ఏప్రిల్ 28న ఇంగ్లండ్‌లోని స్లాప్టన్ తీరంలో ఈ దాడికి సాధనగా జరిగిన విన్యాసంపై జర్మన్ పడవలు విరుచుకుపడి 749 మంది అమెరికన్లను చంపాయి. బతికినవారిని నోరు విప్పవద్దని ఆదేశించారు. జూన్ 5న జరగాల్సిన దాడిని తుఫాను వల్ల ఒకరోజు వాయిదా వేసినప్పుడు, అప్పటికే బయలుదేరిన కొన్ని ఓడలు వెనక్కి తిరగాల్సి వచ్చింది. విషవాయువును తట్టుకోవడానికి రసాయనం పట్టించిన, కంపు కొట్టే బిరుసు దుస్తుల్లో, కిక్కిరిసిన ఓడల్లో, వాంతులు చేసుకుంటూ ఎదురుచూసిన కుర్రాళ్లకు భయం లేదని ఏ ముఖం పెట్టుకుని చెబుతారు?

ఇక ఆ చివరి అబద్ధం. దీన్ని తేలిగ్గా వదలలేను, ఎందుకంటే వివక్ష గురించి నోరెత్తిన ప్రతివారినీ కూర్చోబెట్టడానికే ఈ సందేశం వాడుతున్నారు. అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు; ఈ విభజనను తొలగించాలని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశించింది 1948లో. ఆనాడు బ్రిటన్‌లో ఉన్న లక్షకు పైగా నల్లజాతి సైనికుల్లో అత్యధికులకు అప్పగించింది లారీలు నడపడం, సరకులు ఎత్తడం వంటి పనులే. గొడవలు రాకూడదన్న సాకుతో ఊళ్లోకి వెళ్లే సెలవు రాత్రులను కూడా చాలాచోట్ల వేరు చేశారు. 1943 జూన్‌లో బ్యాంబర్ బ్రిడ్జ్ అనే ఇంగ్లండ్ ఊళ్లో, పబ్బుల్లో వర్ణభేదం పాటించాలని అమెరికన్ అధికారులు కోరితే, అక్కడివారు దానికి ఎదురుతిరిగి 'నల్లజాతి సైనికులకు మాత్రమే' అన్న బోర్డులు పెట్టారు. ఆ నెలలోనే మిలిటరీ పోలీసులతో జరిగిన కాల్పుల్లో ఒక నల్లజాతి సైనికుడు మరణించాడు. తిరుగుబాటు నేరం కింద శిక్షలు పడింది నల్లవారికే. ఇదేనా మీరు చెప్పే ఒకే కంచం?

అయినా, శత్రు విమానాలను అడ్డుకోవడానికి బెలూన్లు ఎగరేసే, నల్లవారితో కూడిన 320వ బెలూన్ బెటాలియన్ సైనికులు జూన్ 6నే నార్మండీలో ఒమాహా, యూటా అనే మారుపేర్లు పెట్టిన తీరాల్లో దిగారు. వారిలో వైద్య సహాయకుడు వేవర్లీ వుడ్సన్ స్వయంగా గాయపడి కూడా ఒమాహాలో గంటల తరబడి క్షతగాత్రులకు చికిత్స చేశాడు. ఆయన 2005లో కన్నుమూశాడు. డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే సాహస పతకాన్ని ప్రభుత్వం 2024లో, అంటే ఆయన పోయిన 19 ఏళ్లకు, ప్రకటించింది. వచ్చే జూన్‌లో ఆ సందేశాన్ని పంపదలచినవారు దయచేసి చివరి వాక్యం కొట్టేసి ఈయన పేరు రాయండి.