ఉదయగిరి కొండలో మంచుగది ఉందన్న ప్రచారానికి జవాబు

ఉదయగిరి కొండ లోపల శ్రీకృష్ణదేవరాయలు మంచుగది తవ్వించాడనీ, చలికాలపు రాత్రుల్లో కొండమీదే మంచుగడ్డలు తయారుచేసేవారనీ, నేలలోని చల్లదనానికి అవి ఏడాది పొడవునా నిలిచేవనీ, దాన్ని చూసే ఇంగ్లీషువాళ్లు మద్రాసులో ఐస్ హౌస్ కట్టారనీ చెప్పే సందేశం ఒకటి, ఫొటోతో సహా, నెల్లూరు జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఉదయగిరి మీద అభిమానం ఉన్నవాళ్లే దీన్ని ఎక్కువగా పంచుతున్నారు కనుక జవాబు వివరంగానే చెప్పాలి.

ముందు ఫొటో సంగతి. ఇటుకలతో కోడిగుడ్డు ఆకారంలో కట్టిన లోతైన గుంత, కరిగిన నీరు పోవడానికి దాని అడుగున తూము, కొండవాలులోంచి లోపలికి పోయే సన్నని దారి అందులో కనిపిస్తాయి. ఇది 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండు ప్రభువుల తోటల్లో కట్టిన మంచుగదుల తీరు. శీతకాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచును కోసి తెచ్చి, గడ్డి వేసి అందులో నింపేవారు.

నేలలోని చల్లదనం గురించిన మాటే అన్నిటికన్నా ఎక్కువమందిని నమ్మించింది. కొన్ని మీటర్ల లోతుకు వెళితే నేల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండులో అది 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, నెల్లూరులో 28 డిగ్రీల పైమాటే. సుమారు 3,000 అడుగుల కొండ కదా అని ఐదారు డిగ్రీలు తగ్గించి లెక్క వేసినా, మంచు నిలిచే చలికి అది ఆమడ దూరం. మే నెలలో నేలమాళిగ మనకు చల్లగా తోచేది బయట వడగాలి వీస్తున్నందువల్లనే. మంచును కాపాడేది ప్రధానంగా బయటి వేడిని లోపలికి రానివ్వని పొర. కిలో మంచు కరగాలంటే, కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచేంత వేడి కావాలి కనుక, ఆ వేడి నెమ్మదిగా చేరేటట్లు చూస్తే చాలు. చేపల రేవులో ఊక కప్పి ఉంచిన ఐసు దిమ్మను చూడండి: తడిసిన ఊకను దులిపితే అంచులు గుండ్రబడి ఉంటాయి, నడిమి మాత్రం రాయిలాగే ఉంటుంది.

రాత్రుల్లో మంచు తయారుచేయడం మన దేశంలో నిజంగానే ఉండేది, కానీ ఇక్కడ కాదు. అలహాబాదు ప్రాంతంలో లోతులేని మట్టి పళ్లేలలో నీళ్లు పోసి, ఎండిన చెరకు, జొన్న దంట్లు పరిచిన గుంతల్లో వాటిని పెట్టేవారని ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ బార్కర్ 1775లో రాశాడు. నిర్మలమైన ఆకాశంలోకి నీటి వేడి వెళ్లిపోయి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కొద్దిగా పైన ఉన్నా పైపొర గడ్డకట్టేది. అందుకు పొడిగాలి, గట్టి చలి తప్పనిసరి. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 20 డిగ్రీల దాకా ఉంటుంది, పైగా సముద్రపు తేమ. కొండమీద కొంత తగ్గినా ఆ పళ్లేలలో నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

మద్రాసు ఐస్ హౌస్ కథ వేరే. 1842లో సముద్రపు ఒడ్డున, నేలపైనే కట్టిన ఆ భవనంలో నిలవ చేసింది ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి ఓడల్లో పంపిన అమెరికా చెరువుల మంచు. అంతకుముందు 1833లో ఆయన కలకత్తాకు పంపిన 180 టన్నుల్లో దాదాపు 100 టన్నులు, నాలుగు నెలల ప్రయాణం తరువాత కూడా గడ్డగానే చేరాయి. ఇందులో ఉదయగిరి ప్రమేయం ఏమీ లేదు.

ఇక రాయలు. ఒరిస్సా రాజులైన గజపతుల చేతిలోని ఉదయగిరిని ఆయన దీర్ఘకాలం ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. మనిషి వెనుక మనిషి మాత్రమే నడవగల ఇరుకు దారిని, బండలు పగలగొట్టించి వెడల్పు చేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన బాలకృష్ణ విగ్రహాన్ని హంపిలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఉదయగిరి గొప్పతనం చాటాలనుకునేవాళ్లు ఆ ఇంగ్లండు ఫొటోను తీసేసి, ఈ సంగతులు పంచితే బాగుంటుంది.