వరండాలో నేర్పిన ఒప్పుకోలు

లోక్ అదాలత్ జరిగిన మర్నాడు జిల్లా పేజీలో ఒకే రకం వార్త వస్తుంది. ఒక్క రోజులో ఇన్ని వేల కేసులు పరిష్కారం అని. మా పత్రికా అదే వేస్తోంది, పెద్ద అక్షరాల్లో. ఆ అంకెలో రాజీలు ఎన్ని, ఒప్పుకోళ్లు ఎన్ని అని ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. రాజీ అంటే ఇద్దరుండాలి. గట్టు తగాదాలో ఇద్దరుంటారు, చెక్కు కేసులో ఇద్దరుంటారు. పేకాట కేసులో ఎవరికి ఎవరితో రాజీ? రాజీకి వీల్లేని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావని 1987 నాటి న్యాయసేవల చట్టం 19వ సెక్షనే చెబుతోంది. అయినా ఆ ఊపులోనే, ఆ వారంలోనే, చిన్న కేసులన్నీ ఒప్పుకోళ్లతో మూతపడుతున్నాయి. నిలబడ్డవాడు ‘ఔన్సార్’ అంటాడు, ఫైను కడతాడు, వెళ్లిపోతాడు. దాని పేరు పరిష్కారం!

శ్రీకాకుళం జిల్లాలోని ఒక కోర్టు వరండాలో ఈమధ్య మా విలేకరి చూసింది చెబుతాం. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసే కుర్రాడు. సంక్రాంతికి ఊరొచ్చి, జీడితోటలో పేకాట దగ్గర దొరికిన పదకొండు మందిలో ఒకడయ్యాడు. ఆడినవాళ్లు నలుగురే, మిగతావాళ్లం చూస్తున్నాం అంటాడు. ఇది నాలుగో వాయిదా. ప్రతిసారీ ఫలక్‌నుమా జనరల్ బోగీలో రాత్రంతా తలుపు దగ్గర నిలబడి పలాసలో దిగడం, మళ్లీ అలాగే వెళ్లడం. సాక్షిగా రావాల్సిన కానిస్టేబుల్‌కు మూడుసార్లూ బందోబస్తు డ్యూటీయే. కుర్రాడి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో సమన్ల కాగితం, ఆధార్ జిరాక్సు, రైలు టిక్కెట్టు.

‘‘ఒప్పీసుకోరా. మూడొందలు కట్టీసి సాయంత్రం బండికి ఎల్లిపోదువు’’ అన్నాడు పక్కనున్న గుమస్తా.

‘‘నాను ఆడనేదు కదేటి?’’

‘‘ఆడనేదని సెప్పుకోవాలంటే ఇంకో నాలుగు వాయిదాలు తిరగాల.’’

పిలుపొచ్చింది. లోపలికి వెళ్లి బయటికి రావడానికి మూడు నిమిషాలు పట్టలేదు. రికార్డులో అతను నేరం అంగీకరించాడు.

గుమస్తా చెడ్డవాడు కాడు. ఆ కుర్రాడికి ఆ రోజున అంతకంటే నిజమైన సలహా ఇచ్చినవాళ్లూ లేరు. ఒక్క వాయిదాకు పోయే కూలి, దారి ఖర్చు, ప్లీడరు ఫీజు కలిపితే ఫైనుకు ఎన్నో రెట్లు. వాయిదాకు రాకపోతే వారెంటు, వారెంటు వస్తే ఇంటికి పోలీసు, ఊళ్లో పరువు. నిర్దోషి అనిపించుకోవడానికి వేలు, దోషి అనిపించుకోవడానికి మూడొందలు. ఏది ఎంచుకోవాలో చెప్పడానికి లెక్కలు రానక్కర్లేదు. జైల్లో ఉన్నవాడి లెక్క ఇంకా దారుణం. షూరిటీ ఇవ్వడానికి పాసుపుస్తకం ఉన్న బంధువు దొరకని వాడు, చిన్న దొంగతనం కేసులో రిమాండులో కూర్చున్నవాడు, ఒప్పుకుంటే ఉన్న రోజులే శిక్ష కింద జమ అయి బయటపడతాడు. కాదన్నవాడు లోపలే ఉంటాడు. వేయగల శిక్షకు మించి విచారణ ఖైదీలు జైళ్లలో మగ్గుతున్నారని హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు నివ్వెరపోయింది 1979లో. ఏం మారింది?

కోర్టుల మీద కేసుల భారం నిజమే, చిన్న కేసులు త్వరగా తేలితే పేదవాడికే మేలనే వాదనా ఉంది. కాదనం. కానీ తేలడం వేరు, తేల్చేయడం వేరు.

మమ్మల్ని బాగా మండించేది ఇక్కడి ద్వంద్వ నీతి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ మన సాక్ష్య చట్టం అంటోంది. పాత చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 23. కారణం అందరికీ తెలిసిందే, స్టేషన్లో మాట మనిషిది కాదు, భయానిది. మరి కోర్టు వరండాలో కోర్టు కానిస్టేబుల్ ‘ఔనను, అయిపోద్ది’ అని నేర్పి పంపిన మాట ఎవరిది? నాలుగు గోడల మధ్య చెప్పిస్తే చెల్లదు, నాలుగు స్తంభాల మధ్య చెప్పిస్తే చెల్లుతుంది. ఇదేం న్యాయం?

చట్టం ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. నిందితుడు నేరం ఒప్పుకుంటే, ఆ మాటను వీలైనంతవరకు అతను అన్న మాటల్లోనే మేజిస్ట్రేటు రాసుకోవాలి. నాగరిక్ సురక్షా సంహిత, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 275వ సెక్షన్ అది, పాత స్మృతిలో 252. రాసుకున్నాక శిక్ష వేయవచ్చు, వేసి తీరాలని లేదు. ఆ విచక్షణ ఎందుకిచ్చారు? ఒప్పుకున్నవాడి నోట్లోంచి వచ్చింది అతని మాటేనా అని చూసుకోవడానికే కదా. ఆ కుర్రాడి సొంత మాట ‘నాను ఆడనేదు’. వరండాలో చెప్పాడు. లోపల అతన్ని అడిగినవాళ్లు లేరు. కాగితం మీద మాత్రం, జీవితంలో ఎప్పుడూ వాడని గ్రాంథిక భాషలో, నేరము చేసినట్లు అంగీకరించుచున్నాడు.

తర్వాత సంగతి వరండాలో ఎవరూ చెప్పరు. ఒప్పుకుని పడ్డ శిక్ష మీద, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న దాని మీద తప్ప, అసలు నేరం చేయలేదని అప్పీలుకు దారి లేదు. మూడొందల ఫైనైనా రికార్డులో దోషే. సిక్కోలు, విజయనగరం పల్లెల్లో తెల్లవారుజామున నాలుగింటికి రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లను చూడండి. ఒకడు ఆర్మీకి, ఒకడు కానిస్టేబుల్ సెలక్షన్‌కు. రేపు సెలక్టయ్యాక నింపే ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, ఫైను కట్టారా’ అని ఉంటుంది. చిన్న కేసు దాచినంత మాత్రాన ఉద్యోగం ఊడగొట్టాలని లేదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నా, నిర్ణయం ఉద్యోగమిచ్చేవాళ్ల చేతిలోనే ఉంచింది. గల్ఫ్‌కు వెళ్లే వెల్డరు లెక్క దీనికి తలకిందులు. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం పెండింగ్ కేసు ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. శిక్ష పడి ఉంటే మాత్రం, రెండేళ్లకు తక్కువ కాకుండా జైలు పడితేనే ఆ అడ్డంకి. అంటే కేసుతో పోరాడేవాడికి ఇబ్బంది, ఫైను కట్టినవాడికి దారి. వాడు ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఉచిత న్యాయ సహాయం ఉంది కదా అంటారు. ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. కానీ సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది, నిందితుడు అడగలేదని న్యాయవాదిని ఇవ్వకుండా వేసిన శిక్ష చెల్లదని. అడగాల్సింది నిందితుడు కాదు, చెప్పాల్సింది కోర్టు. ఈ జిల్లాల్లో బోర్డులు మాత్రం గోడల మీద ఉన్నాయి, ప్లీడర్లు పిలుపు వేళకు బోను పక్కన కనిపించరు.

మేజిస్ట్రేట్లు ఒప్పుకోలు రాసే ముందు మూడు మాటలు అడిగితే చాలు. నీకు ఎవరు చెప్పమన్నారు? ఇది శిక్ష అని తెలుసా? ప్లీడరు కావాలా? కేసుకు ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. మూడుసార్లు సాక్షి రాకపోతే బందోబస్తు అని నమ్మడం మానేసి ఆ శాఖను అడగండి. కుర్రాడు రాకపోతే వారెంటు ఇచ్చే కోర్టుకు కానిస్టేబుల్ రాకపోతే నోరు పెగలదెందుకు?

వచ్చే లోక్ అదాలత్ మర్నాడూ మా డెస్క్‌కు ప్రెస్‌నోటు వస్తుంది. అందులో రాజీలు ఎన్నో, ఒప్పుకోళ్లు ఎన్నో వేర్వేరుగా చూపించండి. ప్లీడరు లేకుండా ఒప్పుకున్నవాళ్లు ఎందరో కూడా రాయండి. అలా రాకపోతే ఆ అంకెను మేం హెడ్డింగులో పెట్టం.