ప్రొఫెసర్ల మద్దతుకు ఓట్లెన్ని?

ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగింది. మార్చి 3న విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఓట్లు లెక్కించారు. పదిమంది పోటీలో ఉన్నారు. టీడీపీ, జనసేన మద్దతున్న సిట్టింగ్ సభ్యుడు పాకలపాటి రఘువర్మ ఓడిపోయారు. పీఆర్టీయూ అనే ఉపాధ్యాయ సంఘం తరఫున నిలబడ్డ గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. 2019లో ఈ ఇద్దరి మధ్యే పోటీ జరిగితే ఫలితం సరిగ్గా తిరగబడి వచ్చింది.

లెక్కింపు యూనివర్సిటీ ఆవరణలోనే జరిగినా, ఆ ఫలితాన్ని తేల్చింది యూనివర్సిటీ అధ్యాపకులు మాత్రం కాదు. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా, పార్వతీపురం, పాడేరు కలుపుకుని ఆరు జిల్లాల నియోజకవర్గం ఇది. ఓటర్లు సుమారు 22 వేల మంది. వాళ్లలో పెద్ద వాటా హైస్కూలు టీచర్లది. తర్వాత జూనియర్, డిగ్రీ కాలేజీల వాళ్లు, ప్రైవేటు విద్యాసంస్థల వాళ్లు. ఏయూ, విజయనగరం జేఎన్టీయూ, ఎచ్చెర్ల అంబేడ్కర్ వర్సిటీ అధ్యాపకులందరూ ఏకగ్రీవంగా ఒకరికే వేసినా, ఆ ఓట్లతో ఒక్క మండలంలోని టీచర్ల సంఘం నాయకుడు చేసేంత హడావిడి కూడా చేయలేరు. కొంచెం పెంచి చెబుతున్నానేమో, కానీ పోటీ చేసేవాళ్లకు ఈ లెక్క బాగానే తెలుసు.

మరి ఎన్నికలు రాగానే అభ్యర్థులు ప్రొఫెసర్ల ఇళ్ల చుట్టూ, మద్దతు ప్రకటించమని వాళ్ల సంఘాల చుట్టూ ఎందుకు తిరుగుతారు? పేరు కోసం. 'వర్సిటీ ప్రొఫెసర్లు మావైపే' అని కరపత్రంలో ఒక లైను, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకోవడానికి ఒక ఫొటో. సాలూరులో పాఠం చెప్పే మాస్టారు కూడా ఒకప్పుడు ఈ క్యాంపస్‌లోనే చదువుకుని ఉంటారు. తన గురువు ఎవరి పక్కన నిలబడ్డారన్నది ఆయన గమనిస్తారు. అంటే అధ్యాపకుల సంఘం అభ్యర్థికి ఇస్తున్నది ఓట్లను కాదు, తన మీద జనానికున్న గౌరవాన్ని. ఓట్లయితే ఆరేళ్లకోసారి మళ్లీ చేతికొస్తాయి. గౌరవం విషయంలో ఆ హామీ లేదు. అందుకే దాన్ని ఎవరికి, ఏ షరతు మీద ఇస్తున్నారన్నది అడగాల్సిన ప్రశ్న.

సంఘాలు రాజకీయాల జోలికే పోకూడదని అనేవాళ్లున్నారు. ఆ వాదన నాకు ఎక్కదు. టీచర్ల కోసం ప్రత్యేకంగా ఎమ్మెల్సీ స్థానాలు పెట్టింది రాజ్యాంగమే. 171వ అధికరణ ప్రకారం శాసన మండలిలో పన్నెండో వంతు సభ్యుల్ని ఉపాధ్యాయులే ఎన్నుకోవాలి. 58 మంది ఉన్న మన మండలిలో అవి ఐదు స్థానాలు. ఓటర్లు టీచర్లే కావాలి గానీ అభ్యర్థి టీచర్ కానక్కర్లేదు. పట్టభద్రుల స్థానం విషయంలో సుప్రీంకోర్టు 1972లోనే ఇలాంటి మాట చెప్పింది. అభ్యర్థి బయటివాడయ్యే వీలున్నప్పుడు, ఎవరు మనవాళ్లో చెప్పే పని సంఘం చేయకపోతే పార్టీలు చేస్తాయి. పైగా విశాఖ పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు. యూనియన్ ఒకరికి మద్దతు ప్రకటించిందంటే ఇక్కడ ఎవరూ ఉలిక్కిపడరు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. వర్సిటీకి గ్రాంటు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. వీసీ ఎవరన్నది తేలేదీ ప్రభుత్వం కనుసన్నల్లోనే. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద పాలక మండలి సభ్యుల్ని నామినేట్ చేసేదీ ప్రభుత్వమే. డీఏ బకాయిలు, పదోన్నతులు, ఖాళీ పోస్టుల ఫైళ్లన్నీ ఆ గుమ్మం ముందే ఆగుతాయి. ఖాళీల సంగతే చూడండి. 2023లో రాష్ట్రవ్యాప్తంగా వర్సిటీల్లో 3,220 పోస్టులు నింపుతామన్నారు. ఆ ప్రక్రియ ముందుకు సాగలేదు, ప్రభుత్వం మారింది. క్లాసులు మాత్రం గెస్ట్ ఫ్యాకల్టీ మీద నడుస్తున్నాయి. ఇలాంటి చోట అధికార పక్షం అభ్యర్థికి సంఘం మద్దతు పలికిందంటే, జీతమిచ్చే యజమాని మనిషికే జై కొట్టినట్టు. రేపు అదే ప్రభుత్వం మీద ధర్నాకి పిలుపిస్తే ఎంతమంది వస్తారు? వచ్చినవాళ్లయినా ఏ ముఖంతో నినాదమిస్తారు?

ఇది మన ఒక్కరి బాధే అనుకోనక్కర్లేదు. మన పిల్లలు చాలామంది చదువుతున్న కాలిఫోర్నియాలో స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకుల యూనియన్ గవర్నర్ పదవికి, చట్టసభలకు పోటీ చేసేవాళ్లకు బాహాటంగా మద్దతు ప్రకటించగలదు. అక్కడ ఎన్నికైన ప్రభుత్వాధినేత ఆ గవర్నరే, పదవిరీత్యా ఆ యూనివర్సిటీ ట్రస్టీల బోర్డుకు అధ్యక్షుడు. బోర్డులో ఎక్కువమందిని నియమించేదీ ఆయనే. చిక్కు ఒకటే, కానీ వాళ్లకు మన దగ్గర లేని ఒక ఆయుధం ఉంది. 2024 జనవరిలో ఆ యూనియన్ అన్ని క్యాంపస్‌లలో వారం రోజుల సమ్మె మొదలుపెట్టి, మొదటి రోజే ఒప్పందం కుదరడంతో ముగించింది. ఒక చేత్తో మద్దతిచ్చి, రెండో చేత్తో సమ్మె నోటీసు ఇచ్చే ధైర్యం వాళ్లకుంది. మన సంఘాలు రెండో చెయ్యి జేబులోంచి తీయవు.

మన నిబంధనల తీరు కూడా తమాషాగా ఉంటుంది. 1964 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి రాజకీయ పార్టీలో చేరకూడదు, ఎన్నికల్లో ప్రచారం చేయకూడదు. వర్సిటీలకు సొంత నిబంధనలున్నా వాటి తీరూ దాదాపు ఇదే. మరోపక్క ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికొస్తే రాష్ట్రమంతా సంఘాల జెండాల కింద ప్రచారం బహిరంగంగానే సాగుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ఇలా చూసీచూడనట్టు వదిలేసిన నిబంధన ఎప్పుడైనా ప్రమాదమే. గెలిచినవాళ్లకు గిట్టని ప్రొఫెసర్ ఒకరు కనిపించిన రోజున ఆ నియమావళి దుమ్ము దులిపి బయటికి తీస్తారు. కాబట్టి మద్దతు భారం నలుగురు నాయకుల భుజాల మీద కన్నా జనరల్ బాడీ తీర్మానం మీద ఉంటేనే క్షేమం.

చిన్న సంఘానికి నిజమైన బలం ఇంకోచోట ఉంది. మనవాళ్లు దాన్ని వాడుకోవడం లేదు. ఈ ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. చెల్లిన ఓట్లలో సగానికి మించి వచ్చేదాకా, తక్కువ ఓట్లొచ్చిన వాళ్లను ఒక్కొక్కరిగా తప్పిస్తూ వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. 2025లో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు. రెండో ప్రాధాన్య ఓట్లే తేల్చాయి. ఇలాంటి పోటీలో 'మా మొదటి ఓటు ఫలానా వారికి' అని చెప్పి ఊరుకున్న సంఘం తన బేరం సగంలోనే వదిలేసినట్టు. తమ సమస్యలు తెలిసిన మనిషికి మొదటి ఓటు వేయించి, రెండో ఓటు కోసం గెలుపు అవకాశమున్న ఇద్దరి దగ్గరా రాతపూర్వక హామీ అడగొచ్చు. పోస్టుల భర్తీకి గడువు, గెస్ట్ ఫ్యాకల్టీ వేతనం, పాలక మండలిలో అధ్యాపకులు ఎన్నుకున్న ప్రతినిధికి చోటు. ఈ మూడింటి మీద సంతకం పెట్టినవాళ్లకే రెండో అంకె. సంతకాలతో ఉన్న ఆ కాగితాన్ని పోలింగుకి ముందే అందరికీ పంచాలి. అప్పుడు కొన్ని వందల ఓట్లు కూడా బరువు తూగుతాయి.

సంఘం లోపల జరగాల్సిందీ ఒకటుంది. మద్దతు ఎవరికన్నది సాయంత్రం టీ తాగుతూ కార్యవర్గం తేల్చేస్తే, మర్నాడు ప్రెస్‌మీట్లో అది 'అధ్యాపక లోకం' గొంతు అయిపోతుంది. రహస్య బ్యాలెట్ పెట్టాలి. ఎంతమంది వద్దన్నారో ఆ అంకె కూడా ప్రకటించాలి. మద్దతు ప్రకటించిన నాయకులు ఆ అభ్యర్థి పదవీకాలం ముగిసేదాకా ప్రభుత్వం నామినేట్ చేసే ఏ కుర్చీనీ తీసుకోకూడదు. ఈ చివరి షరతుకి ఎన్ని చేతులు లేస్తాయో చూస్తే చాలు, మద్దతు దేనికోసమో తెలిసిపోతుంది. పరిశోధక విద్యార్థుల సంగతి చెప్పనే అక్కర్లేదు. గైడు ఎవరి పాంప్లెట్ పంచమంటే వాళ్లది పంచాల్సిన స్థితిలో ఉన్నవాళ్లను ప్రచారంలోకి లాగడం ఏ తీర్మానం వల్లా సబబు కాదు.

ఇక అధికార పక్షంతో ఉంటే పనులవుతాయన్న లెక్క సంగతి. ఈ ప్రాంతంలో అది లెక్కగా కూడా నిలవడం లేదు. 2023లో ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానంలో అప్పటి అధికార పార్టీ వైసీపీ అభ్యర్థి ఓడి, టీడీపీ నుంచి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. రెండేళ్లకు ఉపాధ్యాయ స్థానంలో టీడీపీ, జనసేన మద్దతున్న అభ్యర్థి ఓడిపోయారు. ప్రభుత్వం మారినా ఓటరు తీరు మారలేదు.

ఆ పట్టభద్రుల స్థానానికి ఆరేళ్ల గడువు 2029లో ముగుస్తుంది. అసెంబ్లీ ఎన్నికలూ ఆ ఏడాదే. ఉపాధ్యాయ స్థానంలో ఓటు రావాలంటే ఆరేళ్లలో మూడేళ్లు పాఠం చెప్పినట్టు సంస్థ అధిపతి ధ్రువీకరించాలి. పట్టభద్రుల స్థానానికి డిగ్రీ పాసై మూడేళ్లయితే చాలు. గెస్ట్ ఫ్యాకల్టీకీ, రీసెర్చ్ స్కాలర్‌కీ, ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికీ ప్రొఫెసర్‌తో సమానంగా ఒక్కో ఓటు. జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి అందరూ మళ్లీ నమోదు చేసుకోవాల్సిందే. సభ్యత్వం లేదన్న సాకుతో వీళ్లను పక్కనపెట్టి మద్దతు తీర్మానం చేసే సంఘం, తన క్యాంపస్‌లోనే మైనారిటీగా మిగిలే ఎన్నిక అది.