చల్లారిన రొట్టెకు పియదీనా అని పేరెందుకు?

పొద్దున్నే రొట్టెలు కాల్చి దొంతరగా పేర్చుకుని, ఎవరైనా వచ్చి అడిగితే ఒకటి తీసి మైక్రోవేవ్‌లో వెచ్చచేసి మడిచి ఇచ్చే చోటును పియదీనా దుకాణమంటే నేను ఒప్పుకోను. గోడల నిండా ఇటలీ జెండా రంగులు పులిమినా సరే.

అసలు పియదీనాలో ఉన్నదెంత? గోధుమ పిండి, ఉప్పు, నీళ్ళు, కొవ్వు. ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్ర తీరాన ఉన్న రొమాన్యా ప్రాంతపు రొట్టె ఇది. అక్కడి రీమినీ పట్టణం వైపు దీన్ని 3 మిల్లీమీటర్లు దాటకుండా పల్చగా, వెడల్పుగా వత్తుతారు. మిగతా చోట్ల చిన్నదిగా, మందంగా చేస్తారు. రంగురంగుల చారలున్న చిన్న కొట్లలో అడిగాకే ముద్ద వత్తి, పెనం మీద గోధుమరంగు మచ్చలు తేలేదాకా కాలుస్తారు. అందులో స్క్వాక్కెరోనే అనే మెత్తటి చీజ్, కాస్త ఘాటైన రూకొలా ఆకు, ప్రొషుట్టో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం) ముక్కలు పెట్టి మడిచి కాగితంలో చుట్టి ఇస్తారు. కుర్చీ దొరికితే సరి, లేకపోతే నిలబడే తినడం.

ఆ వేడి ఆర్భాటం కోసం కాదు. రొట్టె సెగకే చీజ్ జారుగా మారి ఆకుకు పట్టుకుంటుంది. చల్లారిన రొట్టె బిరుసెక్కుతుంది, మడిస్తే పగులుతుంది. మళ్ళీ మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది.

'మా రొట్టెకు గుర్తింపు ముద్ర ఉంది' అంటారు కొందరు. నిజమే, 2014లో ఐరోపా సమాఖ్య రొమాన్యా పియదీనాకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ ముద్ర ఉన్న రొట్టెలో నిల్వ ఉండడానికి వేసే రసాయనాలు కలపకూడదు. అయితే ఆ ప్రాంతంలోని ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లో వచ్చిన రొట్టెకూ ఆ ముద్ర దొరుకుతుంది. ముద్ర ఊరినీ దినుసులనూ చెబుతుంది. పెనం మీంచి దిగి ఎంతసేపయిందో చెప్పదు.

ఇక పంది కొవ్వు వేయనిదే అసలైనది కాదని గదమాయించే పెద్దమనుషులున్నారు. ఆ గుర్తింపు నిబంధనల్లోనే ఆలివ్ నూనెకూ చోటుంది, చదువుకోండి. శాకాహారులకు అడ్డు చెప్పే హక్కు మీకెవరిచ్చారు?

నన్ను ఇంకా విసిగించేది కూరుడు. ఫోటోలో ఎత్తుగా కనబడాలని నాలుగు రకాల మాంసం, మూడు రకాల చీజ్, పైన సాస్ ధార. రెండో కొరుకుకే అంతా ఒళ్ళో పడుతుంది. ఇంత రభసలో రొట్టె రుచి ఎవరికి తెలుస్తుంది? బహుశా తెలియకూడదనే అంత కూరుతున్నారేమో!

పేటలో చిన్న కొట్టు నడపడం కష్టమే, ఒప్పుకుంటాను. అద్దె, జీతాలు, మధ్యాహ్నపు రద్దీ ఎవరినీ వదలవు. అందుకే జాబితాలో ముప్పై రకాలు ఎందుకని అడుగుతున్నాను. ఐదు ఉంచండి. మిగతా వాటికి పెట్టే ఖర్చుతో పెనం దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. రొట్టె కాలేదాకా ఆగడానికి మాకేమీ అభ్యంతరం లేదు.