నీలగిరిలో నీలం గడ్డ

నిన్న పొద్దున నల్లగొండలో మా వంటింట్లో జరిగింది ఇది. విన్నది విన్నట్టే రాస్తున్నా, మధ్యలో రెండు తిట్లు మాత్రం తీసేశా.

అమ్మ: ఏందయ్యా ఇవి? ఆలుగడ్డలు తెమ్మంటే బొగ్గులు తెచ్చావు?

నాన్న: బొగ్గులు కాదే, విటెలోట్! ఫ్రాన్సు వాళ్ల పాత రకం, 1800ల మొదట్నుంచీ పండిస్తున్నారు, తోలు నల్లగా ఉంటుంది గానీ కోస్తే లోపలంతా ఊదా రంగే, ఉడికించినా ఆ రంగు పోదు, హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే దొరికాయి తెలుసా!

అమ్మ: కిలో ఎంత?

నాన్న: ముందు చరిత్ర విను.

అమ్మ: చరిత్ర దాకా పోయావంటే నూరు దాటిందన్నమాట.

నాన్న: 160. అయినా మన నల్లగొండ పాత పేరు నీలగిరే గదా, నీలగిరికి నీలం గడ్డ రావడమంటే...

అమ్మ: అంత గొప్పదైతే ఆ ఫ్రాన్సు రైతులంతా అదే వేస్తుండాలి గదా?

నాన్న: (గొంతు తగ్గించి) దిగుబడి తక్కువ. పంట చేతికి రావడం ఆలస్యం. గడ్డ సన్నగా, గుంటలు గుంటలుగా ఉంటుంది, తోలు తీయడం కొంచెం కష్టం.

అమ్మ: తీసేది ఎవరో కూడా నీ చరిత్రలో రాశారా?

నాన్న: పాత రకాలను మనలాంటి వాళ్లే కాపాడుకోవాలే.

అమ్మ: మీ నాయన చేలో పచ్చజొన్న పోయి పత్తి వచ్చిన నాడు నోరు మెదపలేదు, ఇప్పుడు ఫ్రాన్సు ఆలుగడ్డకు పెద్ద దిక్కయ్యావా!

(ఇక్కడ నాన్న కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. దీనికి నా దగ్గర కూడా జవాబు లేదు.)

నాన్న: అదట్లుంచు. నేరేడు పండు రంగు ఉంది చూడు, ఆంథోసయనిన్ అంటారు, ఇందులోనూ అదే. చింతపండు రసం తగిలితే ఎర్రబడుతుంది. పులుసు పెట్టు, గులాబీ రంగులో ఉంటుంది!

అమ్మ: గులాబీ పులుసు పెడితే మీ అక్క వచ్చి, ఏ పార్టీ టికెట్ అడుగుతున్నారే అంటుంది.

నాన్న: కొయ్యి ముందు, కొయ్యి. ఫోటో తీస్తా.

(కత్తిపీట చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.)

అమ్మ: ఏదయ్యా ఊదా?

నాన్న: ఇంకోటి కొయ్యి.

అమ్మ: ఐదు కోశాను. అన్నీ మామూలు ఆలుగడ్డల్లాగే లేత పసుపు.

నాన్న: (సంచి మీది చీటీ చదువుతూ) కుఫ్రి... నీలకంఠ్. ఓహో. ఇది మన సిమ్లా కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వాళ్ల రకం. దీనికి ఊదా పైనే ఉంటుంది.

అమ్మ: నీలకంఠుడా! మరి ఆయన విషాన్ని గొంతు దగ్గరే ఆపాడు గానీ కడుపులోకి పోనిచ్చాడా? పానగల్లు ఛాయా సోమేశ్వరుడికి ప్రతి సోమవారం కొబ్బరికాయ కొడతావు, ఆ మాత్రం తట్టలేదా? చీటీ కొన్నాక చదువుతారా ఎవరైనా?

నాన్న: సరే సరే, వేపుడే చెయ్యి. రంగంతా తోలులోనే ఉంది, తోలు మాత్రం తీయకు.

అమ్మ: 160 రూపాయలు పెట్టి తెచ్చిందే తోలు, ఎట్లా తీస్తాను!