ఓడిన పార్టీ ఓటు ఎవరి లెక్కలోకి?

2025 సెప్టెంబర్ 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎన్డీయే అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. వైసీపీకి అప్పుడు ఉభయ సభల్లో కలిపి 11 మంది ఎంపీలు. ఆ పార్టీ ఎన్డీయే వైపు నిలిచింది. బీఆర్ఎస్‌కు ఉన్న నలుగురు, ఒడిశా పార్టీ బీజేడీకి ఉన్న ఏడుగురు అసలు ఓటే వేయలేదు. ఈ 22 మందీ సుదర్శన్ రెడ్డికి వేశారనుకున్నా లెక్క 441, 322 దగ్గర ఆగేది. ఫలితం మారదు.

మారదని తెలిసినప్పుడు ఆ ఓటు ఢిల్లీ కోసం వేసేది కాదు, ఇంటి దగ్గర తమను నమ్మి మిగిలిన ఓటరు కోసం వేసేది. మన ప్రాంతీయ పార్టీలు ఇక్కడే తడబడుతున్నాయి.

2024కు ముందు సంగతి వేరు. రాజ్యసభలో ఎన్డీయేకు సొంత బలం చాలని రోజుల్లో వైసీపీ, బీజేడీ ఓట్లకు గిరాకీ ఉండేది. గైర్హాజరుకు కూడా విలువ ఉండేది. 2019 జులైలో ట్రిపుల్ తలాక్ బిల్లు రాజ్యసభలో 99–84తో గట్టెక్కింది. అన్నాడీఎంకే, జేడీయూ వాకౌట్ చేశాయి, టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) ఓటింగుకు దూరంగా ఉంది. హాజరై ఓటేసినవారిలో మెజారిటీ చాలు కాబట్టి, బయటికి నడిచిన ప్రతి సభ్యుడూ ప్రభుత్వం పని తేలిక చేసినట్టే. "మేం ఎవరి పక్షమూ కాదు" అన్న మాట ప్రెస్‌మీట్‌లో చెల్లుతుంది, సభలో చెల్లదు.

ఇప్పుడు ఆ గిరాకీ లేదు, అలవాటు మాత్రం పోలేదు. యూరియా కొరతకు నిరసనగా ఓటేయడం లేదని బీఆర్ఎస్ చెప్పింది. బస్తా కోసం తెల్లవారుజామున చెప్పులు క్యూలో పెట్టిన రైతు బాధ నిజమే. కానీ ఉపరాష్ట్రపతి ఎన్నికకు వెళ్లకపోతే ఆ రైతుకు ఒక్క బస్తా అయినా ముందు వచ్చిందా?

వైసీపీది ఇంకో రకం చిక్కు. 2024లో ఆ పార్టీని 151 సీట్ల నుంచి 11కు దించిన కూటమిలో బీజేపీ కూడా ఉంది. ముస్లిం ధార్మిక ఆస్తులకు సంబంధించిన వక్ఫ్ సవరణ బిల్లును లోక్‌సభలో వ్యతిరేకించిన వైసీపీ, ఆ తర్వాత అదే బీజేపీ అభ్యర్థికి మద్దతిచ్చింది. రెండూ ఒకే పార్టీ చేసిన పనులే. తప్పని అనను, అంశాన్ని బట్టి ఓటేయడం మంచి పద్ధతే. కాకపోతే ఎందుకు అటు, ఎందుకు ఇటు అని కార్యకర్తకు ముందే చెప్పాలి. తర్వాత టీవీ చర్చల్లో సర్దిచెప్పుకుంటే అది సాకులా వినిపిస్తుంది.

అన్నిటికంటే అధ్వానం బీజేడీ చేసింది. వక్ఫ్ బిల్లును వ్యతిరేకిస్తామని చెప్పి, రాజ్యసభలో ఓటింగుకు కాస్త ముందు విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) లేదు, అంతరాత్మ ప్రకారం వేయండి అంది. అప్పటికే ఒడిశాలో అధికారం పోయి, లోక్‌సభలో ఒక్క సీటూ లేని పార్టీ అది. ఆ తర్వాత సొంత నాయకులే బహిరంగంగా నిలదీశారు. అంతరాత్మ మాట ఎత్తగానే ఫిరాయింపుకు తలుపు సగం తెరిచినట్టే. ఓడిన ఏడాది తిరగకుండానే వైసీపీ నలుగురు రాజ్యసభ సభ్యుల రాజీనామాలు చూసింది. ఆ భయం అందరికీ తెలిసిందే.

2027లో రాష్ట్రపతి ఎన్నిక రావాలి. అందులోనూ రహస్య ఓటే, విప్ ఉండదు. గత ఎన్నిక లెక్కన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, అంటే వైసీపీ 11 మంది ఎమ్మెల్యేలవి కలిపి 1,749. 2022లో మొత్తం ఓట్ల విలువ 10 లక్షల 86 వేల పైచిలుకు. ఆ 1,749 ఎటు వేస్తారో, ఎందుకో పులివెందులలో ముందు చెప్పి, ఆ తర్వాత ఢిల్లీ ఫోన్ ఎత్తితే బాగుంటుంది.