చీటీలో రాసింది ఒకటి, చేసింది ఒకటి

పొద్దున టవర్ క్లాక్ దగ్గర ఆటో దిగి, ఆ ఎండలో నడుచుకుంటూ ల్యాబ్‌కి వెళ్ళాను. చేతిలో తెల్లబట్టకని డాక్టరమ్మ ఇచ్చిన చీటీ. 'వెజైనల్ స్వాబ్, కేఓహెచ్' అని, అంటే దూది పుల్లతో లోపలి స్రావం తీసి పరీక్ష చేయమని, గుండ్రంగా రాసింది పాపం. కౌంటర్లో ఆయన చీటీ చూశాడు, నన్ను చూశాడు, నా వెనక లైన్లో ఉన్న నలుగురినీ చూశాడు. "ఈపొద్దు లేడీ టెక్నీషియన్ రాలేదమ్మా. మూత్రం ఇచ్చిపోండి, అన్నీ దాంట్లోనే తెలుస్తాయి" అన్నాడు.

అన్నీనా? మరి డాక్టరమ్మ పనిలేక రాసిందా స్వాబ్ అని? "ఆ దూది పుల్ల ఇవ్వండి, నేనే తీసుకుంటాను" అన్నాను. వెనక ఎవరో దగ్గారు. నేను సిగ్గుతో చచ్చిపోవాలి కాబోలు. 200 కట్టించుకుని మూత్రం డబ్బా చేతిలో పెట్టారు. నోరు మూసుకుని తీసుకున్నాను చూడండి, అదీ నా మంట.

ఆ పరీక్షకు బెంగళూరు పోవాలా ఏమన్నా? స్రావాన్ని గాజు పలక మీద పూసి, పొటాషియం హైడ్రాక్సైడ్ (అదే ఆ కేఓహెచ్) చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెడితే మొగ్గలు తొడిగిన ఈస్ట్ అనే ఫంగసో, దాని దారాలో కనిపిస్తాయి. కనిపించకపోయినా అనుమానం తీరకపోతే కల్చర్ పెడతారు, అంటే ల్యాబ్‌లో దాన్ని పెంచి చూస్తారు. ఇంకా తేలికది, పులుపుగుణం ఎంతుందో చూపించే పీహెచ్ కాగితం. ఈస్ట్ అయితే మామూలుగా 4.5 దాటదు, దాటితే వేరేదేమోనని చూడాలి.

ఆ 'వేరేది' ఉందని మనకు చెప్పేదెవరు? 'తెల్లబట్ట' అని ఒక్క సంచిలో అన్నీ కుక్కేస్తారు. ఏ బాధా లేకుండా కాస్త అవుతుంటే అది జబ్బే కాదు. విరిగిన పాలలా గడ్డలుగా, వాసన లేకుండా, ప్రాణం తీసే దురదతో అయితే ఈస్ట్. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో అయితే బ్యాక్టీరియా గొడవ. పచ్చగా, నురగగా అయితే ట్రైకోమోనాస్ అని కలయికతో అంటుకునే ఒక సూక్ష్మజీవి, దానికి మొగుడు కూడా మందు మింగాలి (ఈ మాట ఇంట్లో అని చూడండి, తమాషా). అన్నీ ఇంత పద్ధతిగా కనిపించి చావవు, అందుకే కదా పరీక్ష! మెడికల్ షాపులో మాత్రం అన్నిటికీ ఒకటే ట్యూబ్. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయి, తర్వాత మళ్ళీ మొదలు.

ఇక ఇంట్లో అయితే వేడి. అనంతపురంలో పుట్టిన పాపానికి మనకు ఏ రోగమొచ్చినా వేడే. సబ్జా గింజలు తాగు, మజ్జిగ తాగు. నాకిది దగ్గుకు యాంటీబయాటిక్ మింగాక మొదలైంది. లోపలి మంచి బ్యాక్టీరియా చచ్చి ఈస్ట్‌కి చోటు దొరికి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త మాత్రం "చికెన్ తింటివి కదా, వేడి చేసింటుందిలే" అంది. ఆమె తిన్నదీ అదే చికెన్.

మా పిన్నికీ ఇదే చెప్పారు, మూడేళ్ళు. తగ్గేది, వచ్చేది. సిగ్గుకొద్దీ వాసన సబ్బుతో లోపలంతా కడుక్కునేది, అది ఇంకా మండేది. ఇలా తిరగబెడుతుంటే షుగర్ చూడాలని ఒక్కరికీ తట్టలేదు. చివరికి కాలి పుండు మానకపోతే చూశారు, 340. మా చిన్నాయన ఏటా బెంగళూరు పోయి ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని వస్తాడు. ఆయనకు గుండె ఉంది, లివరుంది, మోకాళ్ళున్నాయి. పిన్నికి వేడి ఉంది. దారిలో తినడానికి చిత్రాన్నం కట్టిచ్చేది కూడా ఆమే.

మూడు బోర్లు వేసి చుక్క నీళ్ళు పడక, నాలుగోదానికి జియాలజిస్టును పిలిపించాడు ఈ మహానుభావుడు. భూమి లోపల ఏముందో పరీక్ష చేయించడానికి ఆయనకు డబ్బులున్నాయి, ఓపికుంది, సిగ్గు అసలే లేదు. ఇంట్లో మనిషి వేలి మీద ఒక సూది గుచ్చించడానికే మూడేళ్ళు పట్టింది. ఆ బోరూ ఎండిపోయింది, మంచిదయింది.

ఇది రాస్తుండగానే ల్యాబ్ నుంచి వాట్సాప్ వచ్చింది. యూరిన్ రొటీన్, నార్మల్. పక్కన దండం బొమ్మ. అత్త తొంగి చూసి, "నేను చెప్పలే? వేడే" అంది.